తిరుమలగిరి నుంచి బీబీఏలో చేరేవారికి: హక్కులు, గడువులు

ఈ సమాధానాల్లో ‘దోస్త్’ అంటే తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు జరుగుతున్న ఆన్‌లైన్ విధానం. ‘కళాశాల’ అంటే దోస్త్ ద్వారా సీటు కేటాయించిన అనుబంధ కళాశాల. ‘చివరి తేదీ’ అంటే ఆ ఏటి ప్రవేశాలకు అధికారికంగా ప్రకటించిన చివరి తేదీ. రుసుములు, పరిమితులు ఉత్తర్వులను బట్టి మారతాయి. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలి.

1. ఇంటర్‌లో బైపీసీ చదివాను. బీబీఏకు అర్హత ఉందా?

ఉంది. ఇంటర్ ఏ గ్రూపుతో ఉత్తీర్ణులైనా చాలు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోనే చేరాలన్న నియమమూ లేదు.

2. కళాశాలకు ఏయే అనుమతులు ఉండాలి?

రెండు: విశ్వవిద్యాలయ అనుబంధం, 2024-25 నుంచి బీబీఏకు ఏఐసీటీఈ ఆమోదం. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ‘గుర్తింపు పొందినది’ అని గోడమీద రాసుకున్న మాటతో తృప్తిపడకుండా, ఆ ఏటి ఆమోదపత్రం చూపమని అడగండి.

3. సీటు వచ్చింది. వెంటనే ఏం చేయాలి?

గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. చేయకపోతే సీటు పోతుంది. తొలి విడతలో రూ.200 ఉన్న రిజిస్ట్రేషన్ రుసుము తర్వాతి విడతల్లో రూ.400 అవుతుంది.

రిపోర్ట్ చేశాక కూడా తర్వాతి విడతలో పాల్గొనవచ్చు. అయితే కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. కనుక ఉన్న సీటుకన్నా నిజంగా మెరుగనిపించినవే వెబ్ ఆప్షన్లలో పెట్టండి. దోస్త్ పిన్, ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వకండి, ‘మేమే చూసుకుంటాం’ అన్నవారికి అస్సలు ఇవ్వకండి.

4. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తిరుమలగిరి వారి ఆదాయ పరిమితి ఎంత?

ఎస్సీ, ఎస్టీలకు ఎక్కడైనా ఏటా రూ.2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పట్టణమైతే రూ.2 లక్షలు, గ్రామమైతే రూ.1.5 లక్షలు. చిక్కంతా ఇక్కడే. సూర్యాపేట జిల్లా తిరుమలగిరి పురపాలక సంఘం. అదే మండలంలో పురపాలక పరిధికి వెలుపలి ఊళ్లు గ్రామాల కిందికే వస్తాయి. నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి (సాగర్) వేరే మండలం. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసేటప్పుడు జిల్లా, మండలం, ఊరు సరిగా ఎంచుకోవాలి.

సూర్యాపేట జిల్లా ఏర్పడిన 2016 అక్టోబరు 11కు ముందు తీసుకున్న పత్రాల్లో నల్లగొండ జిల్లా అని ఉంటుంది. కొత్త పత్రంలో సూర్యాపేట అని ఉంటే పరిశీలనలో ప్రశ్న రావచ్చు. కుల ధ్రువపత్రం ముందే కొత్తది తీసుకోవడం మేలు.

స్పాట్ అడ్మిషన్‌లో చేరినవారికి రీయింబర్స్‌మెంట్ వర్తించదు. హాజరు 75 శాతం తప్పనిసరి.

5. చేరాక మానుకుంటే కట్టిన ఫీజు తిరిగి వస్తుందా?

యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం మానుకున్న రోజును బట్టి ఉంటుంది. చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందైతే 100 శాతం (ఇందులో 5 శాతానికి, రూ.5,000కు మించకుండా ప్రాసెసింగ్ ఖర్చు తగ్గించవచ్చు). 15 రోజులకన్నా తక్కువ వ్యవధి ఉంటే 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80, ఆపై 30 రోజుల్లోపు 50, ఆ తర్వాత ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ ఈ లెక్కలోకి రాదు, పూర్తిగా తిరిగివ్వాలి.

యూజీసీ ఏదైనా ఏడాదికి ప్రత్యేక ఆదేశమిస్తే అదే వర్తిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 వరకు పూర్తి ఫీజు ఇవ్వాలని చెప్పింది.

రాతపూర్వక దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే ఏ రోజు మానుకున్నారో రుజువుండదు. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నిరాకరిస్తే రశీదు వచ్చే పోస్టులో పంపండి.

6. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంట్ రాలేదంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపవచ్చా?

యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారమే కళాశాల ఒరిజినల్స్‌ను సరిచూసి వెంటనే తిరిగివ్వాలి, అట్టే పెట్టుకోకూడదు. అర్హత ఉన్న అభ్యర్థి విషయంలో ప్రభుత్వం బాకీపడితే అది అభ్యర్థి బాకీ కాదని వాదించే ఆధారం మీకుంది. అయితే హాజరు చాలక, లేదా ఆదాయం మించి రీయింబర్స్‌మెంట్ తిరస్కరణకు గురైతే ఆ ఫీజు మీదే.

7. ఫిర్యాదు ఎవరికి?

ముందు విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నిర్ణయం అందిన 15 రోజుల్లో విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ 30 రోజుల్లో తేల్చాలి.

8. మార్కులపై అనుమానం ఉంటే జవాబుపత్రం చూడవచ్చా?

చూడవచ్చు. దిద్దిన తన జవాబుపత్రాన్ని అభ్యర్థి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చని సుప్రీంకోర్టు 2011లో తీర్పు ఇచ్చింది. కారణం చెప్పనక్కర్లేదు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, రీవాల్యుయేషన్ గడువు అంతకుముందే ముగిసిపోవచ్చు. ఒకటి పెట్టినంత మాత్రాన రెండోదాని గడువు ఆగదు గనుక రెండు దరఖాస్తులూ విడివిడిగా, ఫలితాలు వచ్చిన వెంటనే పెట్టండి.