నన్నజ్‌లో చెట్లు లేవు, అయినా వెళ్ళండి

ప్రశ్న: మాది సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర, పవర్‌లూమ్ పని. సెలవు రోజున పిల్లలకు అడవి చూపించాలని ఉంది. నన్నజ్ వెళ్తే బట్టమేక పిట్ట కనిపిస్తుందా? – ఒక నేత కుటుంబీకుడు

జవాబు: కనిపిస్తుందని మాత్రం పిల్లలకు చెప్పకండి. మరాఠీవాళ్ళు మాళ్‌ఢోక్ అనే ఆ పక్షి కోసమే 1979లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తంమీద మిగిలినవి నూట యాభై లోపే, అవీ ఎక్కువగా జైసల్మేర్ వైపు. మీటరు ఎత్తుండే ఈ బరువైన పక్షి నేలమీద సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. పైగా దానికి ముందువైపు చూపు తక్కువ. పడుగు పోగుల్లా సాగిన కరెంటు తీగలు దగ్గరికొచ్చేదాకా కనబడవు. అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేక వాటికి తగులుకుంటుంది.

నన్నజ్ బార్షీ రోడ్డున ఇరవై కిలోమీటర్లు. తెల్లవారేసరికి అక్కడుండాలి. కృష్ణజింకలు తప్పకుండా కనిపిస్తాయనే నా నమ్మకం. బెదిరితే నాలుగు కాళ్ళూ ఒకేసారి ఎత్తి ఎగురుతాయి. అదృష్టముంటే తోడేలు. "ఇది అడవా, బీడా?" అని పిల్లలడుగుతారు. గడ్డే ఇక్కడి అడవి అని చెప్పండి. ఎండుగడ్డి రంగు బట్టలు వేయండి, ఎర్ర చద్దరు కప్పుకుని వెళ్ళొద్దు!

నీటి పక్షుల కోసమైతే చలికాలంలో తుల్జాపూర్ రోడ్డులోని హిప్పర్గా చెరువుకు వెళ్ళండి. తల వెనక రెండు నల్లపట్టీలున్న బాతులు హిమాలయాలు దాటి అక్కడ దిగుతాయి. రాజహంసలు కావాలంటే ఉజనీ డ్యామ్ వెనకనీళ్ళు, భిగ్వణ్. దానికి రోజంతా పడుతుంది.