పిల్లాడి వారం లెక్క

చిరంజీవికి,

అండర్-13 పిల్లల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఒక్క విషయం గట్టిగా చెప్పాలనే ఈ ఉత్తరం. ప్రాక్టీసు భారాన్ని అకాడమీ టైంటేబుల్ చూసి లెక్కకట్టకు, ఒక్కో పిల్లాడి వారాన్ని చూసి కట్టు. నీ దగ్గర నాలుగు రోజులు, రోజుకు గంటన్నర, మొత్తం ఆరు గంటలే కావచ్చు. అదే పిల్లాడు స్కూల్ జట్టుతో ఐదు రోజులు పొద్దున్నే గంట చొప్పున ఆడి, ఆదివారం టోర్నమెంటులో మరో రెండు గంటలు ఆడితే 13 అవుతాయి. వాడికి ఇంకా 12 ఏళ్లే. వారంలో ఆడే గంటలు వయసును దాటిన పిల్లల్లో, అతిశ్రమ వల్ల వచ్చే తీవ్రమైన గాయాలు ఎక్కువగా కనిపించాయని అమెరికాలో వెయ్యిమందికి పైగా పిల్లల మీద జరిగి 2015లో వెలువడిన అధ్యయనం చెప్పింది. నీ ఆరు గంటలే చూసుకుంటే ఈ సంగతి నీ కంటపడనే పడదు.

గంటలతో పాటు ఎంత కష్టపడ్డాడో కూడా తెలియాలి. దానికి జీపీఎస్ పరికరాలు అక్కర్లేదు. కార్ల్ ఫాస్టర్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపిన పద్ధతి చాలు. ఆట ముగిసిన అరగంటకు, మిగతావాళ్లు వినకుండా, '0 నుంచి 10లో ఎంత కష్టమనిపించింది?' అని అడుగు. వాడు 6 అంటే 90 నిమిషాలతో హెచ్చవేయి, 540. వారానిదంతా కూడి నోటుబుక్కులో రాసుకో. గత నాలుగు వారాల సగటుకు ఈ వారం మొత్తం ఒకటిన్నర రెట్లు దాటితే గాయం ఖాయమన్నట్టు కొందరు చెబుతారు. ఆ హద్దుకు శాస్త్రీయమైన ఆధారం చాలదని ఫ్రాంకో ఇంపెలిజెరి వంటి పరిశోధకులు తప్పుపట్టారు, నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది. అయినా నోటుబుక్కులో రాయడం మానకు. ఈ సాయంత్రం ఏ పిల్లాడిని పక్కకు పిలిచి మాట్లాడాలో అందులోనే తెలుస్తుంది.

ఎదిగే వయసు సంగతి మరీ ముఖ్యం. మగపిల్లలు సగటున 14 ఏళ్ల ప్రాంతంలో, ఆడపిల్లలు 12 ప్రాంతంలో బాగా పొడుగెదుగుతారు. మోకాలిచిప్ప కింద స్నాయువు అతుక్కునే చోట, మడమ వెనక, ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. ప్రతి పరుగూ, గెంతూ, షాటూ అక్కడ లాగుతుంది. బూటు లేసు కట్టుకుంటూ మోకాలి కింద బొటనవేలితో నొక్కుకునే పిల్లాణ్ణి చూస్తే ఆ రోజు వాడి షాట్లు, స్ప్రింట్లు ఆపెయ్. నెమ్మదిగా నడుస్తూ పాసులు ఇవ్వగలిగితే ఇవ్వనీ, జట్టు నుంచి మాత్రం విడదీయకు. ఎవరు వేగంగా పొడుగెదుగుతున్నారో తెలియడానికి మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు కొలువు.

'పక్క అకాడమీలో రోజూ ఆడిస్తున్నారు, మావాడు వెనకబడతాడు' అని తల్లిదండ్రులు అంటారు. వాళ్ల భయం అబద్ధం కాదు, సాధన లేకుండా ఆట రాదు. కానీ నొప్పితో రెండు నెలలు కూర్చున్నవాడికి పోయే ప్రాక్టీసు ముందు వారానికో సెలవు ఏపాటిది? అమెరికా పిల్లల వైద్యుల సంఘం వారానికి కనీసం ఒక రోజు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకు విరామం ఇవ్వమంటుంది. ఆ మాట వాళ్లకు ఓపిగ్గా చెప్పు. స్కూల్ పీఈటీ సార్లతో కూడా ఈ వారమే మాట్లాడి, వాళ్ల టైంటేబుల్ తెచ్చుకో.

ఇట్లు,
పెదనాన్న