పట్టిక పక్కన పెట్టు

కిరణ్,

నువ్వు పంపిన చికిత్సల పట్టిక చూశాను. సీబీటీ, ఐపీటీ, బిహేవియరల్ యాక్టివేషన్, సైకోడైనమిక్ అంటూ వరసగా రాసి, కొత్త ఫోను కొనేవాడిలా ఒక్కోదానికి మార్కులేశావు. డిప్రెషన్ అని డాక్టరు చెప్పి రెండు నెలలైనా ఇంకా ఎవరి ముందూ కూర్చోలేదు. అది నాకు నచ్చలేదు.

ఆ మార్కుల్లో అంత తేడా రాదురా. 2013లో యూర్గెన్ బార్త్ బృందం 198 పరిశోధనలను ఒకచోట చేర్చి, ఏడు రకాల మాటల చికిత్సలను పోల్చి చూసింది. చికిత్స కోసం ఇంకా ఎదురుచూస్తున్న వాళ్లకంటే ఏడింటిలో ఏది తీసుకున్నవాళ్లకైనా మేలే జరిగింది. వాటిలో వాటికి తేడా మాత్రం కొద్దిపాటిదే.

అలాగని అన్నీ ఒకటే పద్ధతి కాదు. ఆరన్ బెక్ 1960లలో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన దారి సీబీటీకి మూలం. మేనేజరు మెయిల్‌కి జవాబివ్వకపోతే నువ్వు వెంటనే 'నా పని అయిపోయింది' అనుకుంటావే, ఆ మాటకు సాక్ష్యమేమిటని నీచేతే వెతికిస్తారు. ఇంటికి హోంవర్కూ ఇస్తారు. క్లెర్మన్, వైస్మన్ 1970లలో రూపొందించిన ఐపీటీ మనుషుల వైపు చూస్తుంది. అయినవాళ్లు పోవడం, ఇంట్లో గొడవ, బతుకులో పెద్ద మార్పు, ఒంటరితనం, వీటిలో ఏది నిన్ను కుంగదీసిందో పట్టుకుని అక్కడే పని చేస్తుంది. మీ నాన్న పోయాకే కదా నీకిది మొదలైంది? అందుకే నీకు ఇది నప్పుతుందని నా మనసుకి అనిపిస్తోంది. కాకపోతే మన దగ్గర ఇందులో శిక్షణ పొందినవాళ్లు సీబీటీ వాళ్లంత తేలిగ్గా దొరకరు. సైకోడైనమిక్ పాత గాయాల్లోకి వెళ్తుంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

నాకు ముచ్చటేసేది బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగుపడ్డాక స్నేహితుల్ని కలుస్తానంటావు చూడు, అది ముందు కలవమంటుంది. రోజుకి చిన్న పని ఒకటి పెట్టుకుని, చేశాక మనసెలా ఉందో రాసుకోవాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఇంగ్లండులో 440 మందితో చేసిన పరీక్షలో, పెద్ద అనుభవం లేని ఉద్యోగులు దీన్ని చేయించినా, ఆరితేరిన వాళ్ల సీబీటీకి తీసిపోలేదని 2016లో తేలింది. ఖర్చూ తగ్గింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం దీని ఆధారంగానే ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల కార్యక్రమం తయారుచేసి, డిగ్రీలు లేని మామూలు మనుషులకు నేర్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకొచ్చే రోగుల మీద ప్రయత్నించింది. గట్టి డిప్రెషన్ ఉన్నవాళ్లకూ మేలు జరిగిందని 2017లో లాన్సెట్‌లో వచ్చింది.

కాబట్టి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని చూసుకో. తెలుగులో మాట్లాడేవాళ్లయితే మంచిది, నాన్న గురించి నువ్వు ఇంగ్లీషులో ఏం చెప్పుకోగలవు? ఏ పద్ధతి, ఎన్ని సిట్టింగులు, మార్పు ఎలా కొలుస్తారో మొదటి రోజే అడుగు. ఐదారు సార్లు వెళ్లినా తేడా లేకపోతే మొహమాటపడకుండా వాళ్లకే చెప్పు. డాక్టరిచ్చిన మాత్ర నీ అంతట నువ్వు ఆపకు, జబ్బు ముదిరినప్పుడు మందూ మాటా కలిస్తేనే ఎక్కువ గుణం.

చచ్చిపోవాలన్న ఆలోచన గనక వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. 14416కి ఫోన్ చెయ్యి, టెలీమానస్ వాళ్లు రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. వెంటనే నాకూ చెయ్యి.

సోమవారంలోగా అపాయింట్‌మెంట్ తీసుకుని, ఏ రోజో మెసేజ్ పెట్టు.

నీ అత్త