పంచాయతీ సభ్యుని దినచర్య - వృత్తి, వినోదము, విరాళము

గ్రామ పంచాయతీ సభ్యుడు నిద్ర లేచి తలుపు తీయునప్పటికే ఒకరిద్దరు వచ్చి అరుగుపై కూర్చొనియుందురు. ఒకరి వీధి కుళాయికి నీరు రాలేదు. మరియొకరి పేరు పింఛను జాబితాలో కనబడలేదు. వారికి సమాధానము చెప్పి పొలమునకు పోవునప్పటికి కూలివారు గట్టున నిలిచి ఎదురు చూచుచుందురు. మధ్యాహ్నము మండల కార్యాలయమునుండి కబురు వచ్చును. సాయంకాలము వీధి దీపముల తగవు. రాత్రి కంచము ముందు కూర్చున్నప్పుడు చేతిలోని ఫోను మ్రోగును. ఇట్లు దినము గడచిన పిమ్మట ఆయనను, "మీకు హార్మోనియము బాగుగా వచ్చునట కదా, ఇప్పుడు వాయించుచున్నారా?" అని అడిగినచో నవ్వి ఊరకుండును.

సభ్యునకు తీరిక తగ్గినప్పుడు మొదట పోవునది ఇట్టి అభిరుచి. పిమ్మట స్నేహితులు దూరమగుదురు. పోనిది మాత్రము చందాల పని. బడికి బల్లలు కావలెను, గ్రంథాలయమునకు పుస్తకములు కావలెను, దహన సంస్కారములకు శక్తి లేని కుటుంబమునకు సాయము కావలెను. ఇట్టి పని ఏది వచ్చినను ఊరివారు సభ్యునివైపే చూతురు. ఆయనయు కాదనలేడు. తుదకు వృత్తి, పంచాయతీ, చందాలు అను మూడు బరువులు మాత్రము మిగులును. ఆ బరువును దింపు రెండు వస్తువులు, అనగా అభిరుచియు, స్నేహమును, ఇంటినుండి వెడలిపోవును. ఈ ఏర్పాటు తలక్రిందులైనదని నా అభిప్రాయము. అభిరుచిని నిలుపుకొన్నవానికి నిధి సేకరణ సులభమగును. అభిరుచిని వదలుకొన్నవాడు నిధి కొరకు స్నేహమును ఖర్చుపెట్టవలసి వచ్చును. దీనికి మన నాటకరంగ చరిత్రలోనే మంచి నిదర్శనము కలదు.

బళ్ళారి న్యాయవాదులు

బళ్ళారి 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనుండి, ఆ సంవత్సరము మైసూరు రాష్ట్రమున చేరినది. నేడు కర్ణాటకములో నున్నది. తెలుగు, కన్నడములు రెండును వినవచ్చు ఆ పట్టణములో పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఇద్దరు న్యాయవాదులు నాటక సమాజములను నడపిరి. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారిది సరసవినోదినీ సభ. కోలాచలం శ్రీనివాసరావుగారిది సుమనోరమ సభ. ఇద్దరును పగలు కోర్టులో వాదించినవారే, ఇద్దరును నాటకములు రచించి ఆడించినవారే. "చిత్రనళీయము" ధర్మవరమువారి రచన. "రామరాజు చరిత్ర" కోలాచలమువారి రచన.

ధర్మవరమువారి మేనల్లుడు బళ్ళారి రాఘవ. ఆయన 1880లో తాడిపత్రిలో జన్మించి, మద్రాసులో చదివి, న్యాయశాస్త్ర పట్టము పొంది బళ్ళారిలో వకీలుగా స్థిరపడిరి. క్రిమినల్ వ్యాజ్యములలో ఆయనకు మంచి పేరు వచ్చెను. నటనలో అంతకంటె గొప్ప పేరు వచ్చెను. "రామరాజు చరిత్ర"లో పఠాన్ రుస్తుముగా ఆయనను చూచినవారు చిరకాలము చెప్పుకొనిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, ఆ కాలములో నింద కోర్చి, అట్లు ఆడించి చూపిరి. 1939లో వచ్చిన "రైతుబిడ్డ" చలనచిత్రములో కూడ నటించిరి. 1946లో స్వర్గస్థులైరి.

ఇందు మనము గమనింపవలసినది వేరొకటి. రాఘవగారు నాటకమును జీవనోపాధిగా చేసికొనలేదు. ఇల్లు గడచుటకు వకీలు వృత్తి యుండెను. కావున ప్రదర్శనముల వలన వచ్చిన ధనమును సత్కార్యములకు ఇచ్చివేయగలిగిరి. వృత్తి తన స్థానములో గట్టిగా నిలిచినందువలననే వినోదము దానమైనది. కోర్టు పగటి పని, నాటకము రాత్రి పని. స్నేహితులు విడిగా ఎక్కడనో లేరు, ఆ సమాజములోనే ఉండిరి. సాధన చేయుచున్నంతసేపు స్నేహము కూడ సాగుచుండెను. మూడు పనులకు మూడు వేర్వేరు కాలములు వెదకనక్కరలేకపోయెను.

అయితే ఈ నిదర్శనమును అట్లే తెచ్చి పల్లెకు అతికించుట తగదు. వకీలునకు ఒక పూట పోయినచో మరునాడు సంపాదించుకొనగలడు. కూలిపనికి పోవు సభ్యునకు పోయిన దినము పోయినదే. పంచాయతీ సభ్యత్వము ఇల్లు గడుపు ఉద్యోగము కాదు. కనుక దినకూలిపై జీవించు సభ్యుని "రాత్రి రెండు గంటల వరకు సాధన చేయుము" అనుట అన్యాయము. ఆయన భజన బృందములో శనివారము సాయంకాలము ఒక గంట కూర్చుండిన చాలును. అభిరుచికి కొలత గంటలు కాదు, అది తప్పక తిరిగి వచ్చుట.

కాలము ఎక్కడనుండి వచ్చును?

ఒక వారము పాటు ఒక నోటు పుస్తకములో ఏ గంట ఏ పనికి పోయినదో వ్రాసి చూడుడు. చాలమంది సభ్యులకు ఒక సంగతి తెలియును. పంచాయతీ పని పెక్కు గంటలు తినుటలేదు, పెక్కు ముక్కలుగా వచ్చి దినమంతటిని తినుచున్నది. పది నిముషముల మాట పన్నెండు సారులు వచ్చినచో పొలము పనియు సాగదు, విశ్రాంతియు దొరకదు. దీనికి మందు ఒక్కటే. వారములో రెండు సాయంకాలములు ఫలానా వేళకు పంచాయతీ కార్యాలయములో నుందునని చెప్పి, చెప్పిన వేళకు అక్కడ నుండవలెను. అర్జీలు, ధ్రువపత్రములు కార్యదర్శి చూచు పనులు. వాటిని కార్యదర్శికే అప్పగింపవలెను. నీరు, అగ్ని, ప్రాణాపాయము, ఈ మూడింటికి మాత్రము వేళ లేదు. మొదటి నెల ఊరివారు విసుగుకొందురు. రెండవ నెలలో అలవాటు పడుదురు. సభ్యుడు చెప్పిన వేళకు లేకపోయిన మాత్రము మరల అరుగుపైకే వత్తురు. వారిది తప్పు కాదు.

సంవత్సరమునకు కూడ ఇట్టి లెక్క కలదు. వరినాట్ల దినములలో నాటకము తలపెట్టుట, కోతల దినములలో చందా పుస్తకము పట్టుకొని తిరుగుట రెండును పొరపాట్లే. కోస్తా వరి పల్లెలలో సంక్రాంతికి ధాన్యము ఇల్లు చేరును. అప్పటినుండి ఉగాది వరకు చేతిలో కొంత రొక్కము, కొంత తీరిక యుండును. మెట్ట ప్రాంతములలో వేరుశనగ, ప్రత్తి అమ్మిన వేళ వేరుగా నుండును. మీ ఊరి పంట మీకు తెలియును, దానినిబట్టి నెల నిర్ణయించుకొనుడు.

స్త్రీ సభ్యుల సంగతి విడిగా చెప్పవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. వంట, పశువులు, పిల్లలు, పొలము, వీటిపై పంచాయతీ వచ్చి పడినది. వారికి కోలాటమునకు గాని పాటకు గాని గంట సేపు కావలెనన్నచో, ఆ గంటలో పొయ్యి దగ్గర మరియొకరు ఉండవలెను. ఈ ఏర్పాటు చేయని భర్త, తన భార్యకు అభిరుచులు లేవని చెప్పుట వింతగా నుండును. పొదుపు సంఘము సమావేశములో లెక్కలు ముగిసిన పిమ్మట మరికొంతసేపు కూర్చొని పాడుకొను స్త్రీలను నేను చూచితిని. ఆ సమయమును వృథా అని ఎవ్వరును అనరాదు.

చందా - స్నేహము

స్నేహితుడు కాదనలేడు. అందువలననే మొదటి చందా స్నేహితుని అడుగుట అందరికి అలవాటు. ఒకసారి ఇచ్చును. రెండవసారి ఇచ్చును. మూడవసారి మీరు వీధి మొగలో కనబడగానే ప్రక్క సందులోనికి తిరుగును. స్నేహితుని సొమ్ము అడుగుటకంటె ఆయన పనిని అడుగుట మేలు. తబలా వాయింపుమనుడు, తెరలు కట్టుమనుడు, లెక్క వ్రాయుమనుడు. సొమ్ము ఇచ్చుటయో మానుటయో ఆయన ఇష్టమునకు వదలుడు.

ఇంతకంటె ముఖ్యమైన హద్దు ఒకటి కలదు. ఇంటి ప్లాను అనుమతికి దరఖాస్తు పెట్టినవానిని, బిల్లు రావలసియున్న కాంట్రాక్టరును, దుకాణమునకు లైసెన్సు కోరినవానిని ఆ పని తేలువరకు చందా అడుగరాదు. మీ మనస్సులో బడి బల్లలు తప్ప వేరేమియు లేకపోవచ్చును. ఇచ్చువాని మనస్సులో మాత్రము అది పని జరుగుటకు ఇచ్చిన సొమ్మే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టము దృష్టిలో ఎన్నికైన పంచాయతీ సభ్యుడు ప్రజాసేవకుడు. సత్కార్యము పేరు చెప్పినంతమాత్రమున ఆ పదవి ప్రక్కకు తొలగదు.

ఇక కళాప్రదర్శన ద్వారా నిధి కూర్చుటలో తరచు జరుగు పొరపాటు ఖర్చును మరచుట. ఒక ఊరిలో టిక్కెట్ల వలనను విరాళముల వలనను 26,500 రూపాయలు వచ్చినవనుకొందము. వేదిక, దీపములు, మైకు, రంగులు, భోజనములు కలసి 18,000 అయినచో బడికి చేరునది 8,500 మాత్రమే. ఊరివారు మాత్రము 26,500 బడికి పోయినదనుకొందురు. మిగిలినది ఎవరు తినిరని అడుగుదురు. కనుక ఖర్చును ముందుగా తగ్గించుకొనవలెను, దానిని ముందుగానే చెప్పవలెను. బడి ఆవరణ, ఊరివారే వేయు వేషములు, ఇండ్లనుండి వచ్చు భోజనము, ఇట్లు చేసినచో వచ్చినదానిలో ఎక్కువ భాగము మిగులును.

వృత్తి కళాకారులను పిలుచునప్పుడు మాత్రము ఈ పొదుపు పనికిరాదు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో మొదలైన సురభి నాటక సమాజమువారివలె కళపైననే జీవించు కుటుంబములు ఇప్పటికిని కలవు. హరికథ, బుఱ్ఱకథ చెప్పువారును అంతే. సత్కార్యమనుచు వారి కూలిని కోయుట దానము కాదు, ఒక పేదవాని సొమ్ము మరియొకనికి ఇచ్చుట. మొదట వారి పారితోషికము చేతిలో పెట్టి, పిమ్మట మిగిలినది లెక్కించుడు.

లెక్క

పంచాయతీ పేర అడిగిన సొమ్ము పంచాయతీ నిధిలో జమ కావలెను. గ్రామస్థుల సంఘము పేర అడిగినది ఆ సంఘము ఖాతాలో చేరవలెను. ఈ రెండు కలియరాదు. ఇప్పుడు రొక్కముకంటె ఫోనుద్వారా పంపు సొమ్మే ఎక్కువ. అది సభ్యుని సొంత ఖాతాకు వచ్చినచో ఆయన ఎరువుల బాకీ, బడి బల్లల సొమ్ము ఒకే సంచిలో పడును. ఇద్దరు సంతకము చేసిన గాని సొమ్ము బయటకు రాని ఖాతా తెరచి, ఆ ఖాతా వివరములే అందరికి ఇయ్యవలెను. రసీదు పుస్తకములకు వరుస సంఖ్యలు వేయించి, ఏ పుస్తకము ఎవరి చేతికి ఇచ్చితిమో వ్రాసికొనవలెను. ప్రదర్శన జరిగిన వారములోపల జమాఖర్చుల కాగితమును పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపవలెను.

ఈ మాటలు నాకు పుస్తకములవలన తెలిసినవి కావు. ఇరువది సంవత్సరముల క్రిందట నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఒక చిన్న పట్టణమున కొందరు మిత్రులతో కూడి నాటకము వేసితిని. విద్యార్థుల పఠన మందిరమునకు సొమ్ము కూర్చుట మా ఉద్దేశము. నాకు చిన్న వేషము, నా మిత్రునకు పెద్ద వేషము. టిక్కెట్లు ఇద్దరమును అమ్మితిమి. ప్రదర్శన బాగుగా జరిగెను, చప్పట్లు మ్రోగెను. నాలుగు దినముల పిమ్మట కూర్చొని లెక్క చూచునప్పటికి 1,340 రూపాయలు తేలలేదు. ఎవ్వరును దొంగిలింపలేదని ఇప్పుడు నాకు నిశ్చయముగా తెలియును. దీపములవానికి ఎవరో ఇచ్చిరి, టీలకు ఎవరో ఇచ్చిరి, రిక్షాకు ఎవరో ఇచ్చిరి. ఒక్కటియు వ్రాయలేదు. ఆ రాత్రి నేను ఆయనను ఒక ప్రశ్న అడిగితిని. ప్రశ్న చిన్నదే, అడిగిన తీరు మంచిది కాదు. ఆ లోటు నా జీతములోనుండి పూడ్చితిని. మా మాటలు మాత్రము మూడు సంవత్సరములు ఆగిపోయినవి. నాటకము కూడ ఆగిపోయినది.

తరువాత ఆయన తన స్వగ్రామమునకు పోయి సేద్యము చేయుచు వార్డు సభ్యుడైరి. ఒక వివాహములో కలిసి, పాత సంగతి ఎత్తకుండగనే మాటలాడుకొంటిమి. నిరుడు సంక్రాంతి వెళ్ళిన పిమ్మట తమ ఊరి బడికి నీటి శుద్ధి యంత్రము కొరకు నాటకము వేయుచున్నామని, రమ్మని ఫోను చేసిరి. పోయితిని. ద్వారము దగ్గర నన్ను కౌగిలించుకొని, లోనికి పోనీయక, టిక్కెట్టు కొనిపించి, వరుస సంఖ్య వ్రాసిన రసీదు నా చేతిలో పెట్టిరి. ఆ రాత్రి టీ త్రాగినప్పుడు కూడ ఒక కుఱ్ఱవాడు ప్రక్కన నిలిచి చీటీ వ్రాసికొనుచుండెను.