వీలునామా రాసిపెట్టే ఏజెంట్లు

మాది బోధన్ అనగానే క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, "షుగర్ ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తారంటావా?" అని. 1937లో మొదలైన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిచే సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు. తెరిస్తే అక్కడి కంప్యూటర్లను ఎలా కలపాలన్నది మాత్రం మన ప్రశ్నే.

మిల్లు, ఎవాపరేటర్, పాన్. ఒక్కోదాని దగ్గర ఒక పీఎల్‌సీ, దాని పక్కన కంప్యూటర్‌లో ఒక ఏజెంట్ ఉన్నాయనుకుందాం. ఏజెంటంటే పీఎల్‌సీకీ నెట్‌వర్క్‌కీ మధ్య దుబాసీ. వీటన్నిటినీ నిజామాబాద్ ఆఫీసు నుంచి నడపాలి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, ఏ నిర్ణయం ఎక్కడ జరగాలి అని. ఎవాపరేటర్‌లో రసం సుమారు 15 బ్రిక్స్ నుంచి 60 దాటేదాకా చిక్కబడుతుంది. వాల్వు ఎంత తెరవాలన్నది బోధన్‌లోని పీఎల్‌సీయే చూసుకోవాలి. నిజామాబాద్ నుంచి వెళ్ళాల్సింది "62 దగ్గర ఉంచు" అన్న సెట్‌పాయింట్ ఒక్కటే. దారిలో ఫైబర్ తెగిందని రసం ఆగదు కదా! వేడి మీద నిలిచిపోతే సుక్రోజ్ విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. అంటే పంచదార నష్టం.

ఇక కలపడం. పాత ఓపీసీ పద్ధతి విండోస్ డీకామ్ మీద నడిచేది. 135 పోర్టుతో మొదలై, ఆ తర్వాత ఏ పోర్టు పడితే అది అడుగుతుంది. ఫైర్‌వాల్ పెట్టేవాళ్ళకు తలనొప్పి. నాకు నచ్చేది ఎంక్యూటీటీ. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ శాటిలైట్ లింకుల మీద ఆయిల్ పైప్‌లైన్ల కోసం తయారుచేశారు. ఇందులో ఏజెంటే బయటి బ్రోకర్‌కు ఫోన్ చేసినట్టు కనెక్ట్ అవుతుంది, ఫ్యాక్టరీ వైపు తలుపేదీ తెరవక్కర్లేదు. కనెక్ట్ అయ్యేటప్పుడే ఒక వీలునామా రాసిస్తుంది: "నా నుంచి చప్పుడు ఆగిపోతే ఈ మాట అందరికీ చెప్పండి" అని. కీప్ అలైవ్ 60 సెకన్లయితే, బ్రోకర్ దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు చూసి ఆ మాట పంపేస్తుంది.

ఒక మెలిక ఉంది. ఆజ్ఞను రిటెయిన్ గుర్తుతో పంపితే బ్రోకర్ దగ్గరే ఉండిపోతుంది. పొద్దున ఆరింటికి పంపిన "ఆవిరి పెంచు", లైన్ కలిసిన తొమ్మిదింటికి పాన్‌కు చేరుతుంది. అప్పటికి పాన్ ఖాళీ చేసి ఉండొచ్చు! కాబట్టి ప్రతి ఆజ్ఞతో పాటు పంపిన టైమూ, చెల్లే గడువూ ఉండాలి. రెండు వైపులా గడియారాలు ఎన్‌టీపీతో కలిసి ఉండాలి.

పాన్ దగ్గర లోకల్, రిమోట్ స్విచ్ కూడా తప్పదు. అక్కడి మనిషి గాజుపలక మీద పలుకు చూసి స్విచ్ లోకల్‌కు తిప్పాడంటే, ఆఫీసు ఆజ్ఞను ఏజెంట్ తిరస్కరించాలి. ఊరుకోకుండా, ఎందుకు తిరస్కరించిందో జవాబు కూడా పంపాలి.

రెండు ల్యాప్‌టాప్‌ల మీద మస్కిటో బ్రోకర్‌తో ఇదంతా చేసి చూడొచ్చు. వీలునామాను పరీక్షించేటప్పుడు ప్రోగ్రామ్‌ను మర్యాదగా మూయకండి, డిస్కనెక్ట్ చెప్పి వెళ్తే బ్రోకర్ వీలునామాను చింపేస్తుంది. వైఫై ఆపేసి, 90 సెకన్లు ఆగి చూడండి.