ఈ బండి ఎవరిది నాన్నా?
(బాలలు – వాహన చోరీలు – తల్లిదండ్రుల బాధ్యత)

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు పెద్దలు. పిల్లవాడు తప్పు చేసినప్పుడల్లా ఈ సామెత చెప్పి నిట్టూరుస్తాం. కానీ మొక్కగా ఉన్నప్పుడు వంచవలసిన వారు ఎవరు, అప్పుడు వారు ఎక్కడున్నారు అని ఎవరూ అడగరు. మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ కోరినప్పుడు, ఎం.ఎస్.డబ్ల్యు.లో నేను చదువుతున్న బాలల చట్టాలనూ, నా కళ్లతో చూసిన ఒక సంఘటననూ కలిపి మీ ముందు ఉంచాలనిపించింది.

జరిగిన సంగతి

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా గదిలోని మిత్రుడొకడు ఒక ఆదివారం మోటారు సైకిల్ మీద వచ్చాడు. వాడికి అప్పటికి పదిహేడేళ్లు. "ఎవరిదిరా?" అంటే "మా బంధువులది" అన్నాడు. ఎవరమూ రెండో ప్రశ్న వేయలేదు. నేను కూడా వెనక ఎక్కి సినిమాకు వెళ్లాను. ఆ బండి మీదనే వాడు తమ ఊరికీ వెళ్లి వచ్చాడు.

రెండు వారాల తర్వాత పోలీసులు వచ్చారు. సంత దగ్గర నిలిపి ఉంచిన బండిని మారు తాళంతో తీశాడట. మార్కెట్ యార్డులో హమాలీ పనిచేసే వాళ్ల నాన్న ఆనాటి కూలి వదులుకుని వచ్చి, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అన్న మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. "బండి ఎవరిదని నేను అడగలేదు బాబూ. నా కొడుక్కి బండి నడపడం వచ్చిందని సంతోషపడ్డాను."

ఆ మిత్రుని పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. చట్టంతో ఘర్షణ పడిన బాలల వివరాలు ప్రచురించరాదని బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ చెబుతోంది.

సరదాకు తిప్పితే దొంగతనమా?

"నాలుగు రౌండ్లు తిప్పి మళ్లీ అక్కడే పెట్టేస్తాం, అది దొంగతనం ఎలా అవుతుంది?" అని చాలామంది కుర్రవాళ్లు అనుకుంటారు. ఇది పొరపాటు. 1952లో జోధ్‌పూర్ వైమానిక శిక్షణ కేంద్రంలోని ఒక కేడెట్, మరొకరిని వెంటబెట్టుకుని అనుమతి లేకుండా ఒక శిక్షణ విమానాన్ని తీసుకుని ఎగిరిపోయి పాకిస్తాన్‌లో దిగాడు. విమానాన్ని సొంతం చేసుకోవాలని మాకు లేదని వాదించినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. యజమాని తన వస్తువును కొద్దికాలం కోల్పోయినా, దురుద్దేశంతో తీసుకుంటే అది దొంగతనమేనని 1957లో కె.ఎన్. మెహ్రా కేసులో తీర్పు చెప్పింది. విమానానికి వర్తించినది మోటారు సైకిల్‌కు వర్తించదా?

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి సాధారణంగా 3 సంవత్సరాల వరకు జైలు. ప్రయాణికులను గానీ సరుకును గానీ చేరవేసే వాహనాన్ని దొంగిలిస్తే 305వ సెక్షన్ కింద 7 సంవత్సరాల వరకు పడవచ్చు. యజమాని అనుమతి లేకుండా బండిని నడుపుకుని పోవడం మోటారు వాహనాల చట్టం 197వ సెక్షన్ కింద కూడా నేరమే. దొంగ సొత్తని తెలిసి తీసుకున్నవాడూ శిక్షార్హుడే.

పిల్లవాడు దొరికితే ఏమవుతుంది?

18 సంవత్సరాలు నిండని వారిని పోలీసు లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచరాదు. ప్రయాణ సమయం పోను 24 గంటల లోపల బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. ఈ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, తల్లిదండ్రులచే జరిమానా కట్టించడం, మంచి ప్రవర్తన పూచీపై వారికే అప్పగించడం, తప్పనిసరైతే 3 సంవత్సరాలకు మించకుండా ప్రత్యేక గృహానికి పంపడం - ఇవీ మండలి ఇవ్వగల ఉత్తర్వులు. ఇటువంటి దొంగతనం కేసు ఆ బాలుని భావి జీవితానికి అనర్హత కారాదని 24వ సెక్షన్ చెబుతోంది. అంటే పడినవాడు లేవడానికి చట్టం చేయి అందిస్తున్నది. పిల్లలను నేరాలకు వాడుకునే పెద్దలకు మాత్రం న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద 3 నుండి 10 సంవత్సరాల జైలు ఉంది.

తల్లిదండ్రుల మాటేమిటి?

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో బాలలపై నమోదైన కేసులు 30,555. పట్టుబడిన వారిలో ముప్పాతిక భాగానికి పైగా 16 నుండి 18 ఏళ్ల లోపు వారే. వీరిలో ఎక్కువమంది దిక్కులేని పిల్లలు కారు, తల్లిదండ్రుల దగ్గర ఉన్నవారే. అనాథలే, హాస్టలు పిల్లలే దారి తప్పుతారని చెప్పేవారు ఇది గమనించాలి.

2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతాడు. 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవానికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అయితే తమకు తెలియకుండా జరిగిందని గానీ, తగిన జాగ్రత్త తీసుకున్నామని గానీ నిరూపించుకుంటే శిక్ష ఉండదు.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. 2024 మే నెలలో పుణె నగరంలో పదిహేడేళ్ల బాలుడు నడిపిన ఖరీదైన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు మరణించారు. మొదట 300 పదాల వ్యాసం రాయాలనే షరతుతో ఆ బాలునికి బెయిలు ఇవ్వడంపై దేశమంతా ఆగ్రహించింది. తర్వాత రక్త నమూనాలు మార్పించారనే ఆరోపణపై తల్లిదండ్రులను అరెస్టు చేశారు. నా మిత్రుని తండ్రికి మార్పించే బలం లేదు, లాయరు లేడు. ఆయన లోపం ఒక్కటే, అడగకపోవడం. కొడుకు తన కంటే పెద్ద చదువు చదువుతున్నాడు కాబట్టి అడిగే అర్హత తనకు లేదనుకున్నాడు.

మన ఇళ్లలో చాలావరకు ఇదే పరిస్థితి. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా అమ్మకు బండి ఆర్.సి. కార్డు మీద పేరు చదవడం రాదు. కానీ "ఇది ఎవరిది నాన్నా?" అని అడగడానికి చదువు అక్కరలేదు.

మనం చేయవలసినది

1. కొత్త బండి, కొత్త ఫోను, లెక్కకు మించిన డబ్బు పిల్లల దగ్గర కనిపిస్తే తల్లిదండ్రులు కోపం లేకుండా అడగాలి. జవాబు చెప్పిన బంధువుతో ఒకసారి మాట్లాడాలి.
2. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మనమే అమ్మానాన్నలకు ఈ చట్టాల సంగతి చెప్పాలి. అడిగితే చిన్నబుచ్చుకోరాదు.
3. హాస్టలులో అమ్మానాన్నలు ఉండరు. ఇక్కడ అడగవలసినవారు వార్డెన్ సార్ తర్వాత పెద్ద తరగతుల అన్నలు, అక్కలు.
4. తప్పు చేసి వచ్చినవాణ్ణి "దొంగ" అని పిలవకండి. చట్టమే చెరిపేసిన మచ్చను మనం మళ్లీ పూయరాదు.

నా మిత్రుణ్ణి మండలి వారు తండ్రికి అప్పగించారు, కౌన్సెలింగ్ ఇప్పించారు. కానీ తోటివాళ్ల మాటలు పడలేక వాడు మళ్లీ కాలేజీకి రాలేదు. ఇప్పుడు ఒక మెకానిక్ షెడ్డులో నిజాయితీగా పనిచేసుకుంటున్నాడు. వాడు చదువులో నాకంటే ముందుండేవాడు. ఆ ఆదివారం వాళ్ల నాన్న అక్కడ లేడు. నేను ఉన్నాను. బండి ఎక్కే ముందు రెండో ప్రశ్న వేయవలసినవాణ్ణి నేనే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరైనా ఆ ప్రశ్న వేస్తారని ఆశిస్తూ...

– ఒక పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్.డబ్ల్యు., ద్వితీయ సంవత్సరం