చెవి దిబ్బడ వెనక

తల్లీ, ఈఎన్‌టీలో పీజీ సీటు వచ్చిందని చెప్పి, అనుభవంలోంచి ఏదైనా చెప్పమన్నావు. గౌహతిలో ఉన్నన్నాళ్లూ నాసోఫారింక్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగం) కేన్సర్ చాలా చూశాను. దాని గురించే రాస్తున్నాను.

1. పెద్దవాళ్లకి ఒక్క చెవే దిబ్బడ వేసి తగ్గకపోతే, ముక్కు వెనక చూడకుండా ఇంటికి పంపకు. కొత్తలో నేను పంపాను. నాగాలాండ్ నుంచి వచ్చిన బడిపంతులు ఆయన. చెవిలో నీరు చేరిందని మందులిచ్చి రెండు నెలలు తిప్పాను. మూడోసారి వచ్చేసరికి మెడలో బిళ్ళ కట్టింది. అప్పుడు అంగిలి వెనక అద్దం పెట్టి చూస్తే గడ్డ. చెవి నుంచి ముక్కు వెనక్కి వచ్చే గొట్టం పక్క గుంటలోనే అది పుడుతుంది, పెరిగి ఆ గొట్టాన్ని మూసేస్తుంది. నాకు తెలియని సంగతా? తెలుసు. చూడలేదు, అంతే. నీ చేతిలో ఎండోస్కోప్ ఉంది. చీదితే నెత్తుటి చార పడుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని కూడా అడుగు.

2. రోగిది ఏ ఊరో అడుగు. ఈ జబ్బు దక్షిణ చైనాలో, మన దేశంలో నాగాలాండ్, మణిపూర్‌లలో ఎక్కువ. ఎప్స్టీన్-బార్ వైరస్, వంశం, చిన్నప్పటి తిండి కలిసి తెస్తాయి. తెలుగునాట అరుదు కాబట్టే మనకు తట్టదు.

3. ఆ వైరస్ డీఎన్‌ఏ రక్తంలో దొరుకుతుంది. హాంకాంగ్‌లో ఏ బాధా లేని 20 వేలమంది మగవాళ్లను పరీక్షించి 34 మందిలో కేన్సర్ పట్టుకున్నారు. 2017లో వచ్చిన ఆ ఫలితాలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొరికినవాళ్లలో నూటికి 71 మంది తొలి దశల్లోనే ఉన్నారు. అంతకుముందు నూటికి 20 మందే అలా దొరికేవారు.

4. దీనికి అసలు మందు కరెంటు (రేడియేషన్) పెట్టడమే. అయితే ముదిరినవాళ్లకి ముందుగా జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ ఇస్తే, మూడేళ్లకి జబ్బు తిరగబెట్టనివాళ్లు నూటికి 76 నుంచి 85కి పెరిగారని 2019లో చైనా డాక్టర్లు చూపించారు. రెండూ పాత మందులే, పేదవాడికీ అందేవే. బిళ్ళలు లేని వైపు మెడ కింది భాగానికి కరెంటు పెట్టకుండా వదిలేసినా నష్టం లేదని 2022లో తేలింది. మింగలేని బాధ తగ్గింది.

5. పాకిపోయిన జబ్బుకి టోరిపాలిమాబ్ అనే మందు వచ్చింది. అమెరికా 2023లో అనుమతిస్తే, మరుసటి ఏడు మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ ఇక్కడికి తెచ్చింది. రాసేముందు ఆ ఇంటి స్తోమత కనుక్కో.

6. కరెంటు పెట్టకముందే పళ్ళ డాక్టరుకి చూపించు. లాలాజలం ఎండితే పళ్ళు నిలవవు, తర్వాత పీకితే దవడ మానకపోవచ్చు.

ఆ పంతులుగారు బతికారు. చాలా ఏళ్ల తర్వాత కొహిమాలో వాళ్ల బడికి వెళ్లాను. పాఠం చెబుతూ మాటమాటకీ ఆగి, బల్లమీది సీసా ఎత్తి గొంతు తడుపుకుంటున్నారు.